అయిదొందల డాలర్ల పోర్షే

షాఫ్ట్ తిరగలేదు.

పెద్దాయన అరచేతంత చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మళ్లీ తిప్పి చూశాడు. ఉహూఁ. బయట కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ పొలాల మీద ఫిబ్రవరి వాన సన్నగా కురుస్తోంది. రేకుల షెడ్డు మీద చినుకుల చప్పుడు. లోపల మురిగిన పెట్రోలు కంపు. కూతురు టార్చి లైటు దగ్గరగా పెట్టింది. ఆసుపత్రిలో నర్సు ఆమె. డ్యూటీ దిగి నేరుగా వచ్చేసింది, బట్టలు కూడా మార్చుకోలేదు.

"బిగుసుకుపోయిందా నాన్నా?"

"బిగుసుకుపోవడం కాదమ్మా. లోపలేదో అడ్డం పడింది."

స్టాండ్ల మీద నిలబెట్టిన ఆ కారు 1980 నాటి పోర్షే 924 టర్బో. ముక్కు మీద నాలుగు గాలి చీలికలు. బానెట్ మీద కుడిపక్కన, టర్బోకి గాలి తగలాలని పెట్టిన పల్లం దారి. కొత్తలో అమెరికాలో దీని ధర 20 వేల డాలర్లు దాటింది. తండ్రీకూతుళ్లు మాత్రం ఓ పాత గోడౌన్ నుంచి 500 డాలర్లకు లాక్కొచ్చారు. గాలిదారి నిండా ఎలుకల గూడు. ఎన్నేళ్లుగా పడి ఉందో అమ్మినవాడికే సరిగ్గా గుర్తులేదు. "స్టార్టవదు" అన్నాడంతే. ఎందుకవదో తేలాలంటే టర్బో విప్పాలి. విప్పాక మళ్లీ బిగించగలరో లేదో ఎవరికీ తెలియదు.

కానీ ఆ 500 అంకె దాటడానికి వీల్లేదు. 2006లో జే లామ్ అనే మోటారు పాత్రికేయుడు కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ ట్రాక్ మీద '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' అనే పందెం మొదలుపెట్టాడు. కోట్లు లేనివాళ్లు కూడా గంటల తరబడి రేసు నడపాలన్నది దాని ఉద్దేశం. కారు మీద పెట్టే ఖర్చు 500 డాలర్లు మించకూడదు. ప్రాణం కాపాడే సామాను లెక్కలోకి రాదు. రోల్ కేజ్, రేసింగ్ సీటు, బెల్టులు, బ్రేకులు, టైర్లు ఎంత మంచివైనా వేసుకోవచ్చు. కారులోంచి పీకి అమ్మిన వస్తువుల సొమ్ము మళ్లీ కారు మీదే పెట్టుకోవచ్చు. లెక్క మించిందా, ప్రతి 10 డాలర్లకూ ఒక ల్యాప్ కోత. ఆ తొలి ఏళ్లలో ఇంతకన్నా పెద్ద భయం ఒకటుండేది. పోటీదార్లంతా ఓట్లేసి ఒక కారును ఎంచితే, దాన్ని యజమాని కళ్లముందే యంత్రంతో నుజ్జు చేసేవాళ్లు. అలాంటి చోటికి పోర్షే తీసుకెళ్తే అందరి కళ్లూ ఎవరి మీద పడతాయి?

పెద్దాయన స్కూలు బస్సుల డీజిల్ ఇంజన్లు బాగుచేసి బాగుచేసి రిటైరైన మనిషి. టర్బో ఆయనకు కొత్త కాదు. పానా పట్టుకునే ముందు సన్నటి సూదితో షాఫ్ట్ చివర, చక్రం మీద, నట్టు మీద ఒకే వరసలో గీత గీశాడు.

"గీత ఎందుకు?"

"ఇది నిమిషానికి లక్ష చుట్లు తిరిగేది తల్లీ. విప్పింది విప్పినట్టే బిగించాలి. రవ్వంత పక్కకు జరిగినా బ్యాలెన్స్ పోతుంది. బ్యాలెన్స్ పోతే బేరింగ్ పోతుంది."

నట్టు వదిలింది. చక్రం వచ్చింది. షాఫ్ట్‌ని మెల్లగా లాగితే గరగరమంటూ బయటికొచ్చింది. బేరింగ్ కూర్చునే చోట ఆయిల్ అంతా అడుగంటిన పాలగిన్నెలా నల్లగా, గట్టిగా మాడి అంటుకుపోయి ఉంది. గోటితో గీకితే రాలేదు. పెద్దాయన చాలాసేపు దానివంక చూశాడు. జబ్బేంటో తెలిసిపోయింది.

ఈ టర్బోకి చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటు లేదు. దాని ఒంటిని చల్లబరిచేది ఆయిల్ ఒక్కటే. కారు జోరుగా తోలుకొచ్చి, ఇంటి ముందు ఆపీ ఆపగానే తాళం తీసేస్తే ఇంజన్‌తో పాటు ఆయిల్ పంపూ ఆగిపోతుంది. పొగగొట్టం పక్క ఇనుము అప్పటికి ఇంకా కణకణలాడుతూ ఉంటుంది. ఆ వేడి షాఫ్ట్ వెంట పాకి వచ్చి, కదలకుండా నిలిచిపోయిన ఆయిల్‌ని మాడ్చేస్తుంది. ఒకసారికి ఏమీ కాదు. ఏళ్ల తరబడి రోజూ అదే పని చేస్తే ఇదిగో, ఇలా అవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ని ఊరికే తిరగనిస్తే సరిపోయేది.

"రెండు నిమిషాల ఓపిక లేక పోర్షే పోగొట్టుకున్నాడు" అన్నాడు పెద్దాయన. షాఫ్ట్‌ని కిరసనాయిలు డబ్బాలో ముంచి మూత పెట్టాడు. "ఇక మనకెంత ఓపికుందో చూడాలి."

సన్‌రూఫ్ రేకు అమ్మారు. సీట్లు అమ్మారు. ఆ డబ్బుతో కొత్త బేరింగులు, సీళ్లు వచ్చాయి. వసంతం వెళ్లి ఎండాకాలం వచ్చింది, షెడ్డు రేకులు కాలిపోతున్నాయి, ఆమె రాత్రి డ్యూటీలకూ పగటి నిద్రకూ మధ్య దొరికిన గంటల్లో తుప్పు గీకింది, తీగలు వెతికింది, కేజ్ వెల్డింగుకి గొట్టాలు కోసింది, జట్టులో చేరిన మరో ఇద్దరు స్నేహితులు శనాదివారాలు వచ్చి చేతనైంది చేశారు, ఆగస్టు చివరికి టర్బో తన గీతలన్నీ కలుపుకుని మళ్లీ ఇంజన్ పక్కన కూర్చుంది. వేలితో తాకితే చాలు, షాఫ్ట్ తిరుగుతోంది. ఇంజన్ మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఈసారి తప్పు పెట్రోలుది. ఈ కారులో ఇంధనం పంచేది బాష్ వాళ్ల కె-జెట్రానిక్. లోపలికొచ్చే గాలి ఒక పళ్లేన్ని పైకి లేపుతుంది, పళ్లెం ఒక సన్నటి ప్లంజర్‌ని నెడుతుంది, ప్లంజర్ ఎంత లేస్తే అంత పెట్రోలు నాలుగు సిలిండర్లకూ పోతుంది. ఏళ్లుగా నిలవున్న పెట్రోలు జిగురైపోయి ఆ ప్లంజర్‌ని కరుచుకుని కూర్చుంది. సుత్తి వాడితే పాడైపోతుంది. బలం చూపిస్తే గీతలు పడతాయి. సాల్వెంట్‌లో నానబెట్టడం, చూడటం, మళ్లీ నానబెట్టడం. ఒక సాయంత్రం పెద్దాయన దాన్ని అరచేతిలో తలకిందులు చేశాడు. ప్లంజర్ తన బరువుకి తనే జారి చేతిలో పడింది.

టర్బోలోకి ముందే ఆయిల్ పోశారు. ప్లగ్గుల తీగలు పీకి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టారు. తీగలు పెట్టారు. ఆమె తాళం తిప్పింది.

దగ్గింది. ఆగింది. మళ్లీ దగ్గింది. ఒక్కసారిగా అంటుకుంది! షెడ్డంతా నీలం పొగ. నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టు. సీళ్లు పోయాయా? ఇన్ని నెలల పనీ పొగగొట్టంలోంచి పోతోందా? పెద్దాయన చెయ్యెత్తాడు, ఆపొద్దని. పొగ పలచబడింది. బూడిదరంగైంది. చివరికి పోయింది. సైలెన్సర్‌లో మిగిలిపోయిన పాత ఆయిల్ అది, కాలి పోయింది. గేటు బయట పక్కింటివాళ్లు నిలబడి ఉన్నారు, ఫైరింజన్‌కి ఫోన్ చేయాలా అని.

డిసెంబరు. బేకర్స్‌ఫీల్డ్‌కి దగ్గర్లోని బటన్‌విల్లో ట్రాక్. చుట్టూ పత్తిచేలు. ట్రాక్‌లో ఒక మలుపు పేరే కాటన్ కార్నర్స్. శుక్రవారం ధర తనిఖీ. జడ్జీల్లాగా గౌన్లు తొడుక్కున్న తనిఖీదార్లు కారు చుట్టూ తిరిగారు. "పోర్షేనా? అయిదొందలకా?" పెద్దాయన మాట్లాడలేదు. గోడౌన్ ఫొటోలు, ఎలుకల గూడు ఫొటో, సన్‌రూఫ్ అమ్మిన రసీదు, మాడిన పాత బేరింగ్ బల్ల మీద పెట్టాడు. ఒకాయన బేరింగ్‌ని లైటుకి ఎత్తి చూశాడు. పక్కాయనకి ఇచ్చాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు.

"కోత లేదు. పోండి."

శనివారం పొద్దున అక్కడివాళ్లు ట్యూలీ ఫాగ్ అని పిలిచే పొగమంచు లోయంతా కమ్మేసింది. పది గజాల అవతల మనిషి కనపడటం లేదు. మంచు తొలిగేదాకా జెండా ఊపలేదు. ఊపాక వరసగా కదిలాయి డొక్కు కార్లు. పేరుకి 24 గంటలైనా ఇక్కడ పందెం శని, ఆదివారాల పగళ్లు మాత్రమే. ఆమె మొదటి డ్రైవరు. ఈ కారు నడపడం ఒక లెక్క. యాక్సిలేటర్ నొక్కితే ముందు ఏమీ జరగదు. ఒక క్షణం, రెండు క్షణాలు. అప్పుడు టర్బో అందుకుంటుంది, వీపు మీద ఎవరో తోసినట్టు దూసుకుపోతుంది. మలుపు మధ్యలో అది అందుకుందంటే వెనక చక్రాలు జారతాయి. అందుకే మలుపు రాకముందే మలుపు తర్వాత సంగతి ఆలోచించాలి. ఫిల్ హిల్ అనే గుట్ట మీద అవతలేముందో కనపడదు. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ పందెం మూడుసార్లు గెలిచిన అమెరికన్ ఛాంపియన్ పేరది. నమ్మి తొక్కాలి. తొక్కింది.

లె మాన్‌తో ఈ కారుకి రక్తసంబంధముంది. 1980 జూన్‌లో పోర్షే కంపెనీ ఈ 924 నుంచే తయారుచేసిన మూడు టర్బో కార్లను అక్కడికి పంపింది. వానలో, చీకట్లో 24 గంటలూ పరిగెత్తి మూడూ గమ్యం చేరాయి. ఆరు, పన్నెండు, పదమూడు స్థానాలు. ఆ ఏడు గెలిచింది ఆ ఊరివాడే, జాన్ రొండో, తన పేరు పెట్టుకుని తనే కట్టుకున్న కారుతో. అక్కడ పిట్‌లో పోర్షే ఇంజనీర్లున్నారు. ఇక్కడ పిట్‌లో ఒక రిటైరైన బస్సు మెకానిక్కు ఉన్నాడు. శనివారం పందెం ఆగబోతుండగా ఆయనకి పొగ కనపడింది.

బానెట్ సందుల్లోంచి తెల్లగా. బ్లాక్ ఫ్లాగ్ ఊపేశారు. కారు పిట్‌లోకి రాగానే బానెట్ ఎత్తారు. టర్బోకి ఆయిల్ తెచ్చే ఇనుప గొట్టం మీద వెంట్రుకంత చీలిక. అందులోంచి బొట్టుబొట్టుగా ఆయిల్, కింద ఎర్రగా కాలుతున్న ఇనుము. ఇంకో ల్యాప్ తిరిగి ఉంటే మంటే. గొట్టాన్ని పట్టి ఉంచాల్సిన క్లాంపు ఎక్కడో ఊడిపోయింది, అదిరీ అదిరీ గొట్టం చిట్లింది. ఇంకో గొట్టం లేదు. ఇంత పాత కారుకి శనివారం సాయంత్రం గొట్టం ఎక్కడ దొరుకుతుంది?

పక్క పిట్‌లోంచి ఒక ముసలాయన వచ్చాడు. పాత వోల్వో టర్బో జట్టు పెద్ద. పొద్దుట్నించీ వీళ్లతో ఒకే ల్యాప్‌లో కొట్టుకుంటున్న జట్టది. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"మా దగ్గర గ్యాస్ ఉంది. ఇత్తడి కడ్డీలూ ఉన్నాయి. అంటించడం వచ్చా?"

"బస్సులకి చేశాను" అన్నాడు పెద్దాయన.

చీకటి పడింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కూతురు పట్టకారుతో గొట్టాన్ని పట్టుకుంది. నీలి మంట గొట్టాన్ని ఎర్రబరిచింది. "కదలకు." ఇత్తడి కరిగింది, మెరిసింది, చీలిక వెంట పారి లోపలికి దిగింది. "కదలకమ్మా." డబ్బా రేకు కత్తిరించి క్లాంపు చేశారు. బిగించారు. ప్లగ్గుల తీగలు పీకి సెల్ఫ్ కొట్టారు. ప్రెషర్ ముల్లు లేచింది. పెద్దాయన కిందికి దూరి, గొట్టం చుట్టూ తెల్ల గుడ్డ చుట్టి తీశాడు. మరక లేదు.

ఆదివారం. పందెం ముగియడానికి ఇంకా గంట ఉంది. పెట్రోలు చాలదు. వోల్వో వెనకాలే తరుముకొస్తోంది. నిబంధన ప్రకారం పెట్రోలు పోసేటప్పుడు ఇంజన్ ఆపాలి, డ్రైవరు దిగాలి, ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడాలి. కణకణలాడే టర్బోతో వచ్చి ఇంజన్ ఆపితే, షెడ్డులో ఫిబ్రవరిలో చూసిన పనే మళ్లీ మొదలు.

రేడియోలో గొంతు. "ఈ ల్యాప్ నెమ్మదిగా తిప్పు. బూస్ట్ ముట్టుకోకు."

"వోల్వో వెనకే ఉంది నాన్నా!"

"తెలుసు తల్లీ."

ఆమె కాలు ఎత్తేసింది. కాటన్ కార్నర్స్ దగ్గర వోల్వో పక్కనుంచి దూసుకుపోయింది. చల్లగా, మెల్లగా పిట్‌లోకి వచ్చింది. ఇంజన్ ఆపింది. దిగింది. పెట్రోలు పోశారు. ఎక్కింది, బెల్టులు బిగించారు. సెల్ఫ్ కొట్టింది. పట్టుకోలేదు. వేడికి పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరైపోయే జబ్బు ఈ కార్లకు ఉన్నదే. మళ్లీ కొట్టింది. లేదు. క్షణాలు గడిచిపోతున్నాయి.

మూడోసారి అంటుకుంది!

ఆ మిగిలిన సమయమంతా ఆమె తోలిన తీరు చూసి పక్క పిట్ల వాళ్లు కూడా గోడ దగ్గరికొచ్చారు. గుట్ట మీద కాలు ఎత్తలేదు. మలుపుకి ముందే టర్బోని మేల్కొలుపుతూ, మలుపు దాటగానే దాని తోపుడు అందుకుంటూ, ఒక్కో కారునూ వెనక్కి నెడుతూ వోల్వో వెనక లైట్ల దాకా చేరింది. గళ్ల జెండా ఊపేసరికి ఇంకా నాలుగు కార్ల పొడవు దూరం ఉంది. అందలేదు.

పిట్‌లో జనం మూగారు. చేతులు చాచారు, దిగమని. ఆమె దిగలేదు. ఇంజన్ ఆపలేదు. పక్కనే వోల్వో వచ్చి ఆగింది, దాని ఇంజనూ నడుస్తూనే ఉంది. రెండు టర్బోల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. వోల్వో ముసలాయన పెద్దాయన భుజం పట్టుకుని చెవిలో అరిచాడు: "మీరు ఆ ల్యాప్ నెమ్మదించకపోతే మేం మిమ్మల్ని పట్టుకునేవాళ్లం కాదు!"

"మీరు గ్యాస్ ఇవ్వకపోతే మేం పొద్దున బయల్దేరేవాళ్లమే కాదు!" అని తిరిగి అరిచి, పెద్దాయన గడియారం వంక చూశాడు. "ఇంకా ఒక నిమిషముందమ్మా, తాళం ముట్టుకోకు!"