శలాక మొదలు ఓటుచీటి వరకు

ప్రజలు పాలనలో పాల్గొనుట కేవలము వారి ఉత్సాహమును బట్టియే జరుగునని తలచుట పొరపాటు. జాబితాలో ఎవరి పేరు ఎక్కును, చీటి ఏ తీరున వేయవలెను, లెక్క ఎట్లు తేల్చవలెను అను నిబంధనలు సగము పనిని ముందుగనే చేసి యుంచును. తక్కిన సగము ప్రజల నమ్మకములది.

ఇది నేటి మాట కాదు. బౌద్ధభిక్షువుల వినయ గ్రంథములలో, సంఘమందు భేదాభిప్రాయము పుట్టినపుడు రంగురంగుల శలాకలను పంచి అధికసంఖ్యాకుల మతమును తెలిసికొను విధానము కలదు. శలాకను రహస్యముగా గాని, చెవిలో చెప్పి గాని, బాహాటముగా గాని గ్రహింపవచ్చును. అయితే అధర్మపక్షమే ఎక్కువైనదని శలాకలు పంచువానికి తోచినచో, ఆ శలాకాగ్రహణము సరిగా జరుగలేదని త్రోసివేయవచ్చును! నేటి పోలింగు అధికారికి అట్టి అధికారమిచ్చినచో ఏమగునో పాఠకులే ఊహింతురుగాక.

తమిళదేశమున ఉత్తరమేరూరులో చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, క్రీ. శ. 919, 921 ప్రాంతమున చెక్కిన శాసనములు మరియొక పద్ధతిని తెలుపుచున్నవి. అది బ్రాహ్మణ అగ్రహారము. ఊరిని 30 భాగములు చేసి, అర్హుల పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి కుండలో వేసి, ఒక బాలునిచే తీయించెడివారు. అర్హత మాత్రము అందరికి లేదు. పన్ను కట్టు భూమి, సొంత స్థలములో ఇల్లు, వేదజ్ఞానము ఉండవలెను. 35 ఏండ్లకు తక్కువ, 70 ఏండ్లకు ఎక్కువ కారాదు. వెనుక సభ్యుడై యుండి లెక్క ఒప్పజెప్పనివాడు మాత్రమే గాక వాని దగ్గరి బంధువులును అనర్హులే. ఊరి లెక్కలు చూచువారు ఈ నిబంధనను శిరస్సున దాల్పవలసినదే.

ఇట్లు భూమిపన్నుతో ముడిపడిన అర్హత వెయ్యేండ్ల తరువాతను పోలేదు. 1920లో మద్రాసు రాజధానిలో శాసనసభకు ఎన్నిక జరిగినపుడు సుమారు 4 కోట్ల జనములో ఓటర్లు పన్నెండున్నర లక్షలు మాత్రమే. ఆ కొద్దిమందిలోను ఓటు వేసినది సుమారు నాలుగవ వంతు. సహాయ నిరాకరణమును చేపట్టిన కాంగ్రెసు ఆ ఎన్నికను బహిష్కరించినది. పోలింగునకు పోకుండుటయు ఒక రాజకీయ క్రియయే యైనది. స్వరాజ్యపక్షము వారు శాసనసభాప్రవేశమునకు పూనుకొన్న 1923లో ఓటు వేసినవారు మూడవవంతుకు మించిరి. ఈ నడుమ 1921లో స్త్రీలకు ఓటుండరాదను అడ్డు తొలగినది గాని ఆస్తి నిబంధన నిలిచినందున ఆ హక్కు కొలదిమంది స్త్రీలకే దక్కినది.

1937 ఎన్నికకు ఓటర్లు సుమారు 60 లక్షలైరి. చదువురానివారు పెరిగినందున పార్టీకొక రంగు పెట్టె ఏర్పడినది. కాంగ్రెసునకు పసుపుపచ్చ పెట్టె వచ్చినది. గాంధీకిని పసుపుపచ్చ పెట్టెకును ఓటు వేయుడని ఊరూర చాటిరి. అభ్యర్థి పేరు తెలియకపోయినను రంగు తెలిసిన చాలును. పసుపు మన ఇండ్లలో శుభమునకు గురుతు. ఆ రంగు లభించుట కాంగ్రెసునకు కలిసివచ్చినదనియే చెప్పవలెను. 215 స్థానములలో 159 ఆ పార్టీ గెలిచినది. అప్పటివరకు ప్రధానమంత్రిగా నుండిన బొబ్బిలి రాజా తన సంస్థానపు గడ్డమీదనే శ్రీ వి. వి. గిరి చేతిలో ఓడిపోయిరి.

స్వతంత్రభారతమున 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికకు ఓటర్లు 17 కోట్లకు పైబడిరి. ఆస్తి నిబంధన పోయినది. కాని జాబితా యను గడప ఒకటి మిగిలియున్నది. ఉత్తరదేశమున పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యననియో ఫలానావాని కుమార్తెననియో వ్రాయించిరి. అట్టివారు సుమారు 28 లక్షలమంది జాబితా నుండి తొలగింపబడిరి. చట్టము ఇచ్చిన హక్కును ఆచారము ఆపివేసినది. తెలంగాణములో వేరొక చిత్రము కనిపించినది. 1951 అక్టోబరులో సాయుధపోరాటమును విరమించినవారు కొన్ని నెలలకే ప్రజాస్వామ్య ఫ్రంటు పేరున ఓట్లడిగిరి. నల్లగొండలో శ్రీ రావి నారాయణరెడ్డికి నెహ్రూ పండితునికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవి. అది ఇద్దరు సభ్యులను పంపు పెద్ద నియోజకవర్గమనుటయు మరువరాదు.

లెక్కించు పద్ధతి ఎంతటిదో ఆంధ్రులకు 1955లో తెలిసివచ్చినది. 1952లో ప్రత్యర్థుల ఓట్లు చీలినందున కమ్యూనిస్టులు ఆంధ్ర జిల్లాలలో 140 స్థానములకు 41 గెలిచిరి. 1955లో కాంగ్రెసు, కృషికార్‌ లోక్‌పార్టీ, ప్రజాపార్టీ ఏకమైనవి. కమ్యూనిస్టుల ఓట్లు నూటికి సుమారు 22 నుండి 31కి పెరిగినవి. స్థానములు 196లో 15 మాత్రమే వచ్చినవి. ఓటు పెరిగి బలము తరిగిన ఈ వింత నాడు పెక్కురకు మింగుడుపడలేదు.

1937లో రాజును ఓడించిన గిరిగారికే 1957లో పార్వతీపురమున నిబంధన అడ్డుపడినది. అదియు ద్విసభ్య నియోజకవర్గమే. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది. అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థికి ప్రత్యేక స్థానము నిచ్చిరి. తరువాతి స్థానమున నిలిచిన డిప్పల సూరిదొరయు గిరిజనుడే. సాధారణ స్థానము ఆయనకు దక్కినది. ప్రత్యేక స్థానమునకు నామినేషను వేసినవానికి సాధారణ స్థానమెట్లు చెల్లునని గిరిగారు న్యాయస్థానమునకెక్కిరి. 1959లో సుప్రీముకోర్టు సూరిదొర ఎన్నిక చెల్లునని తీర్పుచెప్పినది. గిరిజనుడు సాధారణ స్థానమునకు తగడనుట న్యాయము కాదు గదా. అయినను 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గములనే రద్దుచేసినది.

పెట్టెల పద్ధతియు ఎంతోకాలము నిలువలేదు. గురుతులేని చీటిని పెట్టెలో వేయక, కొంగున దాచి బయటకు తెచ్చి అమ్ముకొనుటకు అందు వీలుండెను. 1962 నాటికి పెక్కుచోట్ల అభ్యర్థులందరి పేర్లు, గురుతులు గల ఒకే చీటిపై ముద్రవేయు పద్ధతి వచ్చినది.

గిరిగారు 1969లో రాష్ట్రపతి పదవికి నిలిచినపుడు ఎదుట నిలిచినది మరియొక తెలుగువాడు, శ్రీ నీలం సంజీవరెడ్డి. అందు ఓటరు తన ఇష్టములను ఒకటి, రెండు అని వరుసగా వ్రాయవలెను. పార్టీకట్టుబాటును విడిచి అంతరాత్మను బట్టి ఓటు వేయవలెనను పిలుపు అప్పుడే దేశమున మారుమ్రోగినది. మొదటి లెక్కలో ఎవరికిని కావలసిన ఓట్లు రాలేదు. రెండవ ఇష్టపు ఓట్లను కలిపిన పిమ్మటనే, 4,05,427కు 4,20,077 విలువతో గిరిగారు గెలిచిరి.