ఎన్ని అడుగుల బల్ల? పూల్ ఆటలో తెగని తగవు



బెంగుళూరులోనో, చెన్నైలోనో బిలియర్డ్స్ ఆడే చోటికి మీరెప్పుడైనా వెళ్లి ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. ఒక పక్క పెద్ద బల్ల ఉంటుంది. మరో పక్క, దాని ముందు పిల్లలా కనిపించే చిన్న బల్ల ఉంటుంది. పెద్దది స్నూకర్‌ది, చిన్నది పూల్‌ది. పోటీ స్నూకర్ ఏ దేశంలో ఆడినా బల్ల ఒక్కటే: 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పూల్ బల్ల మాత్రం ఒకచోట 7 అడుగులు, ఇంకొకచోట 8, మరొకచోట 9. ఒకే ఆటకు ఇన్ని కొలతలు ఎందుకు వచ్చాయి? ఏ బల్ల మీద గెలిచినవాడిని గొప్పవాడని అనాలి? అమెరికాలో పూల్ ఆటగాళ్లు ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటున్న విషయం ఇది. దాని చరిత్రే ఈనాటి ప్రసంగం.

ముందుగా మనకు దగ్గరి సంగతి చెబుతాను. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్పూర్‌లో సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లెన్ అనే యువ అధికారి ఈ ఆటకు రూపం ఇచ్చాడని చెబుతారు. తరువాత ఊటీ క్లబ్బులో దాని నియమాలు రాసి గోడకు పెట్టారు. 1892లో ఇంగ్లండ్‌లోని బిలియర్డ్స్ సంఘం బల్ల కొలతను ఖాయం చేసింది. ఆ కొలతే మన క్లబ్బులకూ వచ్చింది. అందుకే స్నూకర్‌లో ఎవరైనా ఒకే విడతలో 147 పాయింట్లు కొట్టారంటే, ఎన్ని అడుగుల బల్ల మీద అని ఎవరూ అడగరు.

అమెరికాలో అలా జరగలేదు. అక్కడ పూల్ ఛాంపియన్ల పోటీలు 1940ల దాకా 10 అడుగుల బల్ల మీద నడిచాయి. ఆ దశాబ్దం ముగిసే వేళకు అవి 9 అడుగుల బల్లకు మారాయి. ఆట బాగోగుల మాట అటుంచండి, ఇక్కడ జాగా లెక్క కూడా ఉంది. క్యూ కర్ర పొడవు ఇంచుమించు 5 అడుగులు. బల్లకు నాలుగు వైపులా ఆ కర్ర ఆడేటంత ఖాళీ కావాలి. 10 అడుగుల బల్లకు ఇంచుమించు 19 అడుగులు, 14 అడుగుల గది ఉండాలి. 7 అడుగుల బల్లకు 16, 13 అడుగులు చాలు. అద్దె కట్టేవాడికి ఈ తేడా చిన్నది కాదు.

ఆ తరువాత నాణెం వేస్తే బంతులు విడుదలయ్యే బల్లలు వచ్చాయి. అవి ఎక్కువగా 7 అడుగులవి. బారు మూలన సరిపోతాయి, యజమానికి చిల్లర తెచ్చిపెడతాయి. వాటిలో ఒక చిక్కు ఉండేది. పాకెట్లో పడిన రంగు బంతులు లోపలే ఉండిపోవాలి, తెల్ల బంతి మాత్రం బయటికి తిరిగి రావాలి. దానికోసం చాలా బల్లల్లో తెల్ల బంతిని కొంచెం పెద్దదిగానో, బరువుగానో చేశారు. అటువంటి బంతిని కొట్టి వెనక్కి రప్పించడం కష్టం. చిన్న బల్ల ఆట వేరే విద్య అయింది.

ఇక అసలు తగవుకు వద్దాం. విల్లీ మోస్కోనీ 1913లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రిది పూల్ హాలే, కానీ కొడుకు ఆడడం ఆయనకు ఇష్టం లేదు. పిల్లవాడు చీపురు కర్రతో బంగాళాదుంపలను కొట్టి సాధన చేశాడని చెప్పుకుంటారు. 1941 నుంచి 1957 లోపు 15 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1954 మార్చి 19న ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రదర్శన ఆట ఆడుతూ, ఒక్క బంతి కూడా తప్పకుండా వరసగా 526 బంతులు పాకెట్లలో వేశాడు. చూసినవాళ్లు సంతకాలు చేసి ధ్రువపరిచారు. ఆ లెక్క 65 ఏళ్లు నిలిచింది.

అయితే ఆ రోజు ఆయన ఆడింది 8 అడుగుల బల్ల మీద. 9 అడుగుల బల్ల మీద ఆడే జాగా 100 అంగుళాలు, 50 అంగుళాలు. 8 అడుగుల దాని మీద 88, 44. గుణించి చూడండి, దాదాపు నాలుగో వంతు తక్కువ. అంటే దెబ్బలు దగ్గరవుతాయి. చిన్న బల్ల కాబట్టే అంత వచ్చిందని ఒక పక్షం అంది.

రెండో పక్షం మాటా వినండి. బల్ల చిన్నదయినా బంతులు చిన్నవి కావు. అవే 15 బంతులు, అదే రెండుంపావు అంగుళాల కొలత. జాగా తగ్గితే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి. వాటిని విడదీయడానికి బలం కన్నా బుద్ధి ఎక్కువ కావాలి. పైగా మోస్కోనీ ఆడిన స్ట్రెయిట్ పూల్‌లో పని చాలావరకు బల్ల ఒక సగంలోనే జరుగుతుంది. కనుక పొడవు తగ్గినందువల్ల వచ్చే లాభం అనుకున్నంత ఉండదని వీరి వాదం.

చివరికి 2019 మేలో కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ ష్మిట్ 9 అడుగుల బల్ల మీద 626 బంతులు వేశాడు. తగవు తీరిందనుకున్నారు. తీరలేదు. మోస్కోనీ ఊరికి వచ్చి, ఒక్క సాయంకాలం జనం ముందు ఆడాడు. ష్మిట్ ఈ లెక్క కోసమే నెలల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారని అడిగారు. 2022 జనవరిలో స్కాట్లండ్ ఆటగాడు జేసన్ షా 714 చేశాడు. లెక్క పెరిగిందే గాని ప్రశ్న అలాగే ఉంది.

వృత్తి ఆటగాళ్లలో మరికొందరు 9 అడుగులు కూడా చాలవన్నారు. ఐదుసార్లు యు.ఎస్. ఓపెన్ గెలిచిన ఎర్ల్ స్ట్రిక్లాండ్ మళ్లీ 10 అడుగుల బల్ల కావాలన్నాడు. బల్ల పెద్దదయితే గురి తప్పినవాడు దొరికిపోతాడని ఆ పక్షం నమ్మకం.

వాళ్లకు ఎదురుగా వేరే లోకం ఉంది. 1979లో టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు వృత్తి ఆటగాళ్లు సామాన్యుల కోసం ఒక లీగు మొదలుపెట్టారు. అదే పెరిగి అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ అయింది. పగలంతా పని చేసుకుని, సాయంత్రం దగ్గరి బారులో జట్టు కట్టి ఆడేవాళ్లు దాని సభ్యులు. వాళ్లలో ఎక్కువమంది బల్ల 7 అడుగులదే. దాన్ని పిల్లల ఆటగా తీసిపారేస్తే, ఈ ఆటను బతికించేవాళ్లనే తీసిపారేసినట్టు.

నాకు తోచింది చెబుతాను. ఇంట్లో చిన్న క్యారమ్ బోర్డు మీద గెలిచిన కుర్రవాడు పోటీ బోర్డు దగ్గర తడబడడం మీరు చూసే ఉంటారు. వాడికి ఆట రాదని మీరు అనరు. ఆ బోర్డు అలవాటు లేదంటారు. పూల్‌లో జరిగిందీ అంతే. గది అద్దె, బారు మూల, నాణెం కలిసి కొలతలు నిర్ణయించాయి. ఆటగాళ్లు దొరికిన బల్లకు తగ్గట్టు చేయి మలచుకున్నారు. కనుక ఎవరైనా ఒక రికార్డు చెబితే, ఏ బల్ల మీద అని తప్పక అడగండి. అయితే ఆ మనిషిని తక్కువ చేయడానికి అడగకండి. ఆయన ఏ విద్యలో ఆరితేరాడో తెలుసుకోవడానికి అడగండి. 526 పక్కన 8 అడుగులు అని రాస్తే మోస్కోనీకి తక్కువేమీ కాదు. రాయకపోతే మాత్రం 9 అడుగుల మీద కష్టపడ్డవాడికి అన్యాయం జరుగుతుంది.

ఈసారి ఆ రెండు బల్లల మధ్య నిలబడినప్పుడు ఈ కథ గుర్తు చేసుకోండి. సెలవు.