కణానికి దిక్కు తెలిసేదెలా: డిక్టియోస్టీలియం చలనంలో సంకేత మార్గాల పాత్ర

డిక్టియోస్టీలియం అడవి నేలల్లో బాక్టీరియాను తిని బతికే అమీబా. దాని పొడవు సుమారు 10 మైక్రోమీటర్లు. ఆకర్షించే రసాయనం సాంద్రతలో ముందు కొసకూ వెనక కొసకూ 2 శాతం తేడా ఉన్నా చాలు, ఎటు వెళ్లాలో పోల్చుకుంటుంది. ఇంత స్వల్పమైన తేడా అంత కచ్చితమైన నడకగా ఎలా మారుతుంది? బయటి సంకేతం కణానికి నడక నేర్పదనీ, అప్పటికే నడుస్తున్న కణాన్ని ఒక వైపుకు మొగ్గేలా చేస్తుందనీ ఈ వ్యాసం వాదన.

తిండి దొరకనప్పుడు ఈ అమీబాలు గుమికూడతాయి. వాటిని రప్పించేది కణాల నుంచి వెలువడే ఒక రసాయనమేనని జాన్ టైలర్ బానర్ 1947లో నిరూపించారు. అది సైక్లిక్ ఏఎంపీ అని 1967లో తేలింది. ఆ అణువు పొర మీది గ్రాహకాన్ని అంటుకోగానే లోపలి జి-ప్రోటీన్, రాస్, పీఐ-3 కైనేజ్ క్రియాశీలమై, పొరలో పిప్-3 అనే కొవ్వు అణువు తయారవుతుంది. గ్రాహకాలు మాత్రం కణం చుట్టూ సమానంగానే ఉంటాయి. అసలు చిక్కు ఇదే. పిప్-3కి అతుక్కునే ప్రోటీన్‌కు పచ్చగా మెరిసే ప్రోటీన్‌ను జోడించి పీటర్ డెవ్రియోట్స్, కరోల్ పేరెంట్ బృందం 1998లో గమనిస్తే, మెరుపు ముందు అంచునే కనిపించింది. కణాన్ని కదిలించే ఆక్టిన్ పోగుల అల్లికను మందుతో చెదరగొట్టి కణాన్ని కదలనీయకపోయినా మెరుపు రసాయనం వైపే చేరింది. దిక్కు తెలియడానికి కదలిక అవసరం లేదన్నమాట. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా స్పష్టమైన ప్రయోగం లేదు. వెనక భాగంలో పీటెన్ ఎంజైమ్ పిప్-3ని తొలగిస్తుందని 2002లో వెల్లడైంది.

దాంతో పిప్-3యే దిక్సూచి అనే నమ్మకం బలపడింది. అది నిలవలేదు. ఆలివర్ హోలర్, రాబర్ట్ కే 2007లో పిప్-3ని తయారుచేసే రకం పీఐ-3 కైనేజ్ జన్యువులు ఐదింటినీ తీసేసినా అమీబాలు సైక్లిక్ ఏఎంపీ వైపే నడిచాయి. అదే ఏడాది నటాలీ ఆండ్రూ, రాబర్ట్ ఇన్సాల్ మరో సంగతి చూపారు: సాంద్రతలో తేడా తక్కువగా ఉన్నప్పుడు కణం కొత్త మిథ్యాపాదాన్ని, అంటే ముందుకు చాచే పొడుపును, ఆ దిశగా పుట్టించదు. ఉన్నదాన్నే రెండుగా చీల్చి, సరైన వైపుదాన్ని నిలుపుకుంటుంది. ఏ ఆకర్షకమూ లేనప్పుడు కూడా మిథ్యాపాదాలు పుడుతూనే ఉంటాయి. వాటిలో దేన్ని ఉంచాలన్నదే సంకేతం తేల్చే విషయం.

నెట్టే బలం మాత్రం ఆక్టిన్‌ది. రాక్ ప్రోటీన్ ద్వారా ఏఆర్‌పీ2/3 సముదాయం క్రియాశీలమై ఆక్టిన్ పోగులకు కొమ్మలు వేయిస్తుంది, వెనక భాగాన్ని మయోసిన్ సంకోచింపజేస్తుంది. దిక్కు చూపే దారులు అనేకం కనుక ఒకటి మూసుకుపోయినా మరొకటి ఆదుకుంటుంది. రాక్ దగ్గర ఆ వెసులుబాటు బాగా తక్కువ. మనుషుల్లో రాక్ లోపం తీవ్రత 2000లో బయటపడింది. రాక్ రకాల్లో ఒకటైన రాక్2 జన్యువులో ఒకే ఒక్క మార్పుతో పుట్టిన పసిబిడ్డకు తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్లు సోకాయి. బాక్టీరియా ఉన్నచోటికి పాకి వెళ్లే తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్ రక్తంలో ఎక్కువగానే ఉన్నా పుండులో చీము పట్టలేదు, పుండు మానలేదు. ఆ కణాలు అక్కడికి చేరలేకపోయాయి.