ఆస్టన్ నలుగురు

బర్మింగ్‌హామ్ నడిబొడ్డు నుంచి ఉత్తరంగా రెండు మైళ్ల లోపే ఉంటుంది మా ఆస్టన్. ఇప్పుడు చూస్తే మహానగరంలో ఒక పేటలా అనిపిస్తుంది గానీ దీని పరపతి పాతది. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో బర్మింగ్‌హామ్ విలువ ఒక్క పౌను, ఆస్టన్ విలువ ఐదు పౌన్లు. 1635కల్లా పూర్తయిన ఆస్టన్ హాల్ భవంతి ఇప్పటికీ ఠీవిగా నిలబడి ఉంది. 1911 దాకా ఈ ఊరు బర్మింగ్‌హామ్‌లో కలవనే లేదు. అప్పటికే పొలాలు పోయి ఫ్యాక్టరీలు వచ్చాయి, ఫ్యాక్టరీల పక్కనే పనివాళ్ల కోసం ఎర్ర ఇటుకల వరస ఇళ్లు లేచాయి. ఆస్టన్ క్రాస్ దగ్గర ఒక పక్క ఆన్సెల్స్ వాళ్ల బీరు, ఇంకో పక్క హెచ్‌పీ సాస్. పక్కనే విట్టన్‌లో జీఈసీ వాళ్ల కరెంటు యంత్రాలు. మాల్టు ఉడికే వాసన, వెనిగర్ ఘాటు కలిసి వీధులన్నీ కమ్మేసేవని పాతకాపులు నేటికీ చెబుతారు.

ఆ వీధుల్లోనే 1948 ఫిబ్రవరికీ 1949 జూలైకీ మధ్య పుట్టిన నలుగురు పిల్లలు పెరిగారు. టోనీ అయోమీ, బిల్ వార్డ్, జాన్ ఆస్‌బోర్న్, టెరెన్స్ బట్లర్. ఆస్‌బోర్న్‌ని బళ్లో ఓజీ అన్నారు, బట్లర్‌ని గీజర్ అన్నారు, చివరికి అవే పేర్లు స్థిరపడ్డాయి. 1969లో ఈ నలుగురూ బ్లాక్ సబ్బాత్ అయ్యారు. హెవీ మెటల్ అని ప్రపంచమంతా పిలుచుకునే సంగీతానికి మొదటి బాణీ కట్టింది వీళ్లే.

ఈ సంగీతం ఎలా పుట్టిందో చెప్పమంటే బర్మింగ్‌హామ్‌లో ఎవరైనా ఒకటే మాట చెబుతారు. ఫ్యాక్టరీల రొద పిల్లల చెవుల్లో పడింది, వాళ్లు దాన్ని గిటార్లలోకి ఎక్కించారు అని. అందులో నిజం లేకపోలేదు. రాత్రిళ్లు ప్రెస్సుల దెబ్బలు వింటూ పెరిగానని బిల్ వార్డే చెప్పుకున్నాడు. అయితే ఆ రొద షెఫీల్డ్ పిల్లలూ విన్నారు, గ్లాస్గో పిల్లలూ విన్నారు. ఈ వీధుల్లో కాపురం ఉంటూ, ఈ కథ చదువుతూ వింటూ వచ్చాక నాకు బలంగా అనిపించేది ఒకటుంది. ఆస్టన్ వాళ్లకు ఇచ్చింది రొదకన్నా పనితనం. ఉన్న వస్తువుతోనే కావలసిన పనిముట్టు చేసుకోవడం ఈ ఊరి విద్య. వెయ్యి వృత్తుల నగరమని బర్మింగ్‌హామ్‌కి పేరు రావడానికి కారణం కూడా అదే.

టోనీ అయోమీ సంగతి చూడండి. ఇటలీ మూలాలున్న కుటుంబం. పార్క్ లేన్‌లో అమ్మానాన్నలకు చిన్న దుకాణం ఉండేది. ఇంట్లో అకార్డియన్ వాయించే అలవాటు ఉండడంతో అతనూ దాంతోనే మొదలుపెట్టి తర్వాత గిటారుకి మారాడు. షాడోస్ బృందంలో గిటారు వాయించే హ్యాంక్ మార్విన్ అతని ఆరాధ్యుడు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది కుడి చేత్తో. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని చేసేవాడు. సంగీతమే బతుకుతెరువు చేసుకుందామని ఆ పని మానేస్తున్న రోజు అది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. మొదలుపెట్టిన రోజు సక్రమంగా ముగించి రమ్మంది వాళ్లమ్మ. వెళ్లాడు. ప్రెస్సు నడిపే మనిషి ఆ రోజు రాలేదు, ఆ యంత్రం దగ్గర ఇతన్ని నిలబెట్టారు. ప్రెస్సు కుడిచేతి మీద పడింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కునేసరికి నడిమి వేలి కొసా ఉంగరపు వేలి కొసా తెగిపోయాయి.

ఇక వాయించలేవని డాక్టర్లు చెప్పేశారు. కుంగిపోయి ఇంట్లో కూర్చుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు పట్టుకుని వచ్చాడు. వినాలని లేదన్నా బలవంతంగా వినిపించి, ఇది వాయించినవాడు తీగలు నొక్కేది రెండు వేళ్లతోనే అన్నాడు. ఆయన జాంగో రైన్‌హార్ట్, రోమా జాతికి చెందిన జాజ్ విద్వాంసుడు. 1928లో తన బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోతే, మిగిలిన వేళ్లతో కొత్త పద్ధతి కనిపెట్టుకుని ఐరోపాలో పేరు మోసినవాడు. ఆ ఫోర్‌మన్ పేరు రాక్ చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనపడదు. నన్నడిగితే, ఈ కథలో అయిదో మనిషి ఆయనే.

తర్వాత టోనీ చేసిన పని అచ్చంగా ఆస్టన్ పని. గిన్నెలు కడిగే ఫెయిరీ లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి ఉండ చేశాడు. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో ఆ ఉండకి వేలు పట్టేంత బెజ్జం పెట్టాడు. ఉప్పుకాగితంతో గంటల తరబడి రుద్ది వేలి కొస ఆకారం తెచ్చాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతోందని పాత జాకెట్టు లోంచి తోలుముక్క కోసి అతికించాడు. అయినా మామూలు గిటారు తీగలు నొక్కితే నొప్పి పుట్టేది. అప్పట్లో సన్నని గిటారు తీగలు దొరకడం కష్టం కాబట్టి బాంజో తీగలు తెచ్చి కట్టుకున్నాడు. పోనుపోను తీగల బిగువు కూడా తగ్గించి శ్రుతి కిందికి దించాడు. 1971 నాటి మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి ఆ శ్రుతి మూడు అరస్వరాలు కిందికి దిగింది. ఆ వేళ్లతో అన్ని తీగలూ పట్టడం తన వల్ల కాదు కనుక రెండు మూడు తీగలతోనే బరువైన స్వరం పలికించడం నేర్చుకున్నాడు. ఈ సంగీతంలో అందరూ చెప్పుకునే ఆ మంద్రమైన బరువు దెబ్బ తిన్న చేతికి వీలుగా చేసుకున్న ఏర్పాట్లలోంచి వచ్చింది.

ఓజీ ఇల్లు లాడ్జ్ రోడ్డులో 14వ నంబరు. ఆరుగురు పిల్లలు, చాలీచాలని గదులు, మరుగుదొడ్డి బయట. తండ్రి జీఈసీలో టూల్‌మేకర్, రాత్రి షిఫ్టు. తల్లి లూకాస్ ఫ్యాక్టరీలో పనిచేసేది. విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానం అక్కడికి దగ్గర కాబట్టి మ్యాచ్ రోజు వచ్చినవాళ్ల కార్లకు కాపలా ఉంటానని చిల్లర సంపాదించేవాడు ఓజీ. ఇప్పటికీ మ్యాచ్ రోజున మా వీధుల్లో కారు పెట్టుకోవడానికి చోటుండదు. ఓజీకి చదువు వంటబట్టలేదు, ఉద్యోగాలూ నిలబడలేదు. లూకాస్‌లో కారు హారన్ల శ్రుతి సరిచేసే పని చేశాడు, డిగ్బెత్‌లో పశువధశాలలో చేశాడు. దొంగతనం చేసి పట్టుబడితే జరిమానా కట్టడానికి తండ్రి ఒప్పుకోలేదు, కొన్ని వారాలు విన్సన్ గ్రీన్ జైల్లో ఉండాల్సి వచ్చింది. 1963లో రేడియోలో బీటిల్స్ పాట ‘షీ లవ్స్ యూ’ విన్ననాడే తన దారేమిటో తెలిసిందని జీవితాంతం చెప్పుకున్నాడు. బీటిల్స్‌ది లివర్‌పూల్, అదీ పనివాళ్ల ఊరే. అలాంటి ఊరి కుర్రాళ్లు అంతవాళ్లు కాగలిగారంటే మనమూ కావచ్చు అన్న ధైర్యం ఆ పాటలో ఉందని నేననుకుంటాను. ఆ తండ్రే తర్వాత అప్పు చేసి కొడుక్కి మైకు సెట్టు కొనిపెట్టాడు.

ఆ మైకు సెట్టే కథని మలుపు తిప్పింది. 1968లో టోనీ, బిల్ వాయించే ‘మిథాలజీ’ బృందం చెదిరిపోయింది. ఇద్దరూ గాయకుణ్ణి వెతుక్కుంటూ ఊళ్లో వాద్యాల దుకాణానికి వెళ్తే అక్కడొక చీటీ అంటించి ఉంది. ఓజీ జిగ్‌కి అవకాశం కావాలి, సొంత మైకు సెట్టు ఉంది అని దాని సారాంశం. చిరునామా వెతుక్కుంటూ వచ్చి లాడ్జ్ రోడ్డు తలుపు తడితే ఎదురుగా నిలబడ్డది బర్చ్‌ఫీల్డ్ రోడ్ బళ్లో టోనీకి ఒక తరగతి కింద చదివిన కుర్రాడు. బళ్లో టోనీ ఇతన్ని ఏడిపించేవాడు కూడా. వీడికి పాట రాదని వెనక్కి తిరగబోయాడు. కానీ చివరికి కలిశారు. ఓజీతో పాటు ‘రేర్ బ్రీడ్’ బృందంలో ఉన్న గీజర్ కూడా వచ్చి చేరాడు. గీజర్‌వాళ్లది డబ్లిన్ నుంచి వచ్చిన ఐరిష్ కాథలిక్ కుటుంబం, పెద్ద సంసారం. అకౌంట్లు రాసే ఉద్యోగం వదిలి వచ్చాడతను. అప్పటిదాకా వాయించింది మామూలు గిటారు. క్రీమ్ బృందం జాక్ బ్రూస్ వాయించే తీరుకి ముగ్ధుడై బేస్‌కి మారాడు.

మొదట పెట్టుకున్న పేరు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్. అది ఒక చవక టాల్కం పౌడర్ పేరని కొందరంటారు, మన ఉపఖండం నుంచి వచ్చినవాళ్లు నడిపే బట్టల దుకాణం పేరని కొందరంటారు. రెండో మాటే నిజమవ్వాలని నా కోరిక. మా వీధిలో ఇప్పుడు మీర్పూర్ వాళ్లు, సిల్హెట్ వాళ్లు, జమైకా వాళ్లు, మాలాంటి తెలుగువాళ్లు కలిసి ఉంటున్నాం. అప్పటికే మనవాళ్ల దుకాణాలు ఈ చుట్టుపక్కల వెలిశాయని ఆ పేరు గుర్తు చేస్తుంది.

కొద్దికాలానికే అదనపు మనుషుల్ని తగ్గించుకుని నలుగురయ్యారు, పేరు ఎర్త్ అని మార్చుకున్నారు. వాయించేది అమెరికా నల్లవారి బ్లూస్: మడ్డీ వాటర్స్, హౌలింగ్ వుల్ఫ్. డ్రమ్ములు వాయించే బిల్ వార్డ్ మనసు మాత్రం జాజ్ మీద. జీన్ క్రూపా, బడ్డీ రిచ్ రికార్డులతో పెరిగినవాడు. ఇది చాలామంది పట్టించుకోరు గానీ నాకు ముఖ్యం అనిపిస్తుంది. బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డులు శ్రద్ధగా వినండి, ఆ బరువు కింద డ్రమ్ములు ఊగుతుంటాయి, నడక బిగుసుకుపోదు. తర్వాత వీళ్లను అనుకరించినవాళ్లు బరువు పట్టుకున్నారు, ఆ ఊపు చాలామంది చేతికి చిక్కలేదు.

1968 డిసెంబరులో టోనీని జెథ్రో టల్ బృందం పిలిచింది. వెళ్లాడు, రోలింగ్ స్టోన్స్ తీసిన ‘రాక్ అండ్ రోల్ సర్కస్’ చిత్రీకరణలో వాళ్లతో కనిపించాడు కూడా. కొన్ని వారాలకే తిరిగొచ్చేశాడు. ఖాళీ చేతులతో రాలేదు. ఆ బృందం నాయకుడు ఇయాన్ ఆండర్సన్ పొద్దున్నే సాధన మొదలుపెట్టించే తీరు చూసి వచ్చాడు. ఇక ఆస్టన్‌లో తొమ్మిదింటికల్లా మిగతా ముగ్గురి ఇళ్ల ముందు టోనీ వ్యాన్ ఆగేది. ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్లినట్టే న్యూటౌన్ కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్లి కూర్చునేవారు. సాయంత్రాలు స్టేషన్ స్ట్రీట్‌లో క్రౌన్ పబ్బు మేడ మీద జిమ్ సింప్సన్ నడిపే హెన్రీస్ బ్లూస్‌హౌస్‌లో కచేరీలు. సింప్సనే వాళ్ల మొదటి మేనేజరు. హాంబర్గ్‌లో బీటిల్స్ వాయించిన స్టార్ క్లబ్‌లో వీళ్లూ రోజుకి ఏడేసి సార్లు వాయించి రాటుదేలారు.

ఆ కమ్యూనిటీ సెంటర్ గదుల్లో కట్టిన పాట ఒకటి అంతా మార్చేసింది. స్వరకర్త హోల్స్ట్ రాసిన ‘ప్లానెట్స్’లోని అంగారకుడి భాగం గీజర్‌కి ఇష్టం. దాన్ని బేస్ మీద వాయిస్తుంటే మర్నాడు టోనీ దానికి దగ్గరగా మూడు స్వరాలు పలికించాడు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది: మంద్ర షడ్జం, పై షడ్జం, తర్వాత ప్రతి మధ్యమం. కల్యాణిలో పంచమం, గాంధారం పక్కనుండగా వీనుల విందుగా ఉండే స్వరమే ఇది. ఇక్కడ తోడెవరూ లేకుండా ఒంటరిగా వణుకుతూ వేలాడుతుంది. పాత ఐరోపాలో ఈ అంతరానికి సైతాను పేరు తగిలించారు. ఆ రోజుల్లో ఒక రాత్రి తన మంచం చివర నల్లని ఆకారం నిలబడి చూసిందని గీజర్ చెప్పాడు, ఓజీ దానికి తగ్గ మాటలు పాడాడు. సాధన చేసే చోటికి ఎదురుగా సినిమా హాల్లో బోరిస్ కార్లోఫ్ నటించిన ‘బ్లాక్ సబ్బాత్’ ఆడుతోందని, భయపడడానికి జనం డబ్బులిచ్చి మరీ వెళ్తున్నారే అని వీళ్లు ఆశ్చర్యపోయారని అంటారు. ఎర్త్ అనే పేరుతో ఇంకో బృందం ఉండడం వల్ల 1969 ఆగస్టులో, ఆ సినిమా పేరే పెట్టుకున్న ఈ పాట పేరు బృందం పేరు కూడా అయింది.

1969 అక్టోబరు 16న లండన్‌లో రీజెంట్ సౌండ్ స్టూడియోలో రోజర్ బైన్ పర్యవేక్షణలో ఒక్క రోజులో మొదటి ఆల్బమ్ మొత్తం వాయించేశారు. టోనీ స్ట్రాటోకాస్టర్ గిటారు మధ్యలో మొరాయిస్తే గిబ్సన్ ఎస్‌జీ తీశాడు, ఆ తర్వాత ఎస్‌జీ రకాన్నే నమ్ముకున్నాడు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం విడుదల. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది. ఆ ఏడు సెప్టెంబరులో వచ్చిన ‘పారనాయిడ్’ మొదటి స్థానమే ఎక్కింది.

వాళ్లు అమెరికా తిరుగుతుండగానే ఇక్కడ వాళ్ల ఊరు మారిపోయింది. మురికివాడల తొలగింపు పేరుతో వరస ఇళ్లు వీధులకు వీధులే కూలగొట్టారు. 1972లో ఆస్టన్ ఎక్స్‌ప్రెస్ వే ఊరిని చీల్చుకుంటూ వచ్చింది. ఆన్సెల్స్ లేదు, 2007లో సాస్ తయారీ నెదర్లాండ్స్‌కి తరలిపోయింది. 2025 జూలై 5న నలుగురూ విల్లా పార్క్‌లో ఆఖరిసారి కలిసి వాయించిన రోజు మా వీధులు నల్ల చొక్కాలతో నిండిపోయాయి. అదే నెల 22న ఓజీ కన్నుమూశాడు. మర్నాటి నుంచీ లాడ్జ్ రోడ్డు ఇంటి ముందు పూలు పెట్టి వెళ్లేవాళ్లు కనపడ్డారు.

దూరం నుంచి వచ్చే అభిమానులు బ్రాడ్ స్ట్రీట్‌లో కాలవ వంతెన మీద 2019లో పెట్టిన బ్లాక్ సబ్బాత్ బెంచీ మీద కూర్చుని ఫొటో దిగి వెళ్లిపోతారు. టివిడేల్ బాలాజీ గుడికి వచ్చే తెలుగు కుర్రాళ్లు కూడా నన్ను ఆ బెంచీ ఎక్కడని అడుగుతుంటారు. వాళ్లకు నేను వేరే దారి చెబుతాను. విట్టన్ స్టేషన్‌లో దిగండి. విల్లా పార్క్ దాటి విట్టన్ రోడ్డు పట్టుకుంటే లాడ్జ్ రోడ్డు వస్తుంది. అది ఎవరో కాపురముండే ఇల్లు, తలుపు కొట్టకుండా చూసి కదలండి. అక్కణ్ణుంచి న్యూటౌన్ వైపు నడిస్తే 1901 నాటి బార్టన్స్ ఆర్మ్స్ పబ్బు, లోపల గోడలనిండా మింటన్ టైల్స్. దానికి నడక దూరంలోనే పార్క్ లేన్. గంటన్నర కేటాయించుకోండి, మ్యాచ్ లేని రోజు చూసుకుని రండి.