మాదీఫలం ఎంత, వెలగపండు ఎంత?

కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద నడిస్తే ఇప్పుడు పండ్ల వాసన తక్కువ, కోచింగ్ బోర్డులు ఎక్కువ. ఆ బోర్డుల వెనక గదుల్లో పదో తరగతి పిల్లలు నేర్చుకునే "ప్రతిక్షేపణ పద్ధతి" నిజానికి పండ్ల మార్కెట్ సొత్తేనని నాకనిపిస్తుంది.

సుమారు 850లో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అమోఘవర్షుడి రాజధాని మాన్యఖేటం ఇప్పటి మల్ఖేడ్. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ పుస్తకంలో ఒక లెక్క: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లయితే 101. ఒక్కోటి ఎంత?

మన పద్ధతిలో, 107లోంచి ఏడు వెలగపండ్ల ధర తీసేసి 9తో భాగిస్తే ఒక మాదీఫలం ధర. దాన్ని తీసుకెళ్ళి రెండో సమీకరణంలో పెట్టి, అంతటినీ 9తో గుణిస్తే, 749కి 32 వెలగపండ్ల ధర కలిపితే 909 అని తేలుతుంది. వెలగపండు 5, మాదీఫలం 8.

మహావీరుడు ఇలా చేయలేదు. పెద్ద మొత్తాన్ని పెద్ద సంఖ్యతో, చిన్నదాన్ని చిన్నదాంతో గుణించి తేడా తీయమన్నాడు: 963 − 707 = 256. దాన్ని వర్గాల తేడాతో, అంటే 81 − 49 = 32తో, భాగిస్తే 8. రెండు దారుల్లోనూ అదే 32! ముచ్చటైన సూత్రమే గానీ, సంఖ్యలు ఇలా తారుమారైన జతలకే పనికొస్తుంది. మా భాషలో హార్డ్‌కోడ్ అన్నమాట. "అన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు" అనేవాళ్ళకి ఈ తేడా పట్టదు. ఎలాంటి జతకైనా పనిచేసే దారి కావాలంటే ఇంకా వెనక్కి, 628 నాటి బ్రహ్మగుప్తుడి దగ్గరికి వెళ్ళాలి. ఆయన తెలియని రాశుల్ని వర్ణాలన్నాడు, అంటే రంగులు. మొదటి రంగుని మిగతా రంగుల్లో చెప్పి, అలా వచ్చిన రెండు విలువల్ని సమానం చేయమన్నాడు. ప్రతిక్షేపణకి తోబుట్టువు ఇదే.

పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరుడి పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైన ఉదాహరణలు తీసేసి శైవ ఉదాహరణలు పెట్టాడు. లెక్క మారలేదు, పాత్రలు మారాయి. ఇదీ ప్రతిక్షేపణే కదా! తెలుగులో శాస్త్రం చెప్పొచ్చని అంత తొందరగా నమ్మినందుకు మల్లనకి దండం పెడతాను. కానీ ఒక మతాన్ని పుస్తకంలోంచి అంత తేలిగ్గా తీసేయడం నాకు మింగుడుపడదు. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో మూలం 1912లో మద్రాసులో అచ్చయింది. జినుడికి మొక్కే మొదటి శ్లోకాలు అందులో ఉన్నాయి. మల్లనని చదివేటప్పుడు దాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి.