పండులో పొంచియుండు తెగులు

నిగనిగలాడు మామిడికాయలను చెట్టునుండి కోసి, గడ్డిలో మాగవేసిన కొద్దిదినములకు వాని తోలుపై నల్లని మచ్చలు బయలుదేరుట మనలో చాలమంది చూచియే యుందురు. మచ్చలు పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి, కండలోనికి దిగును. మంచి కాయలనే పంపితినని తోటరైతు చెప్పును. కుళ్ళిన సరుకు వచ్చినదని వర్తకుడు చెప్పును. ఇద్దరి మాటయు నిజమే! ఇది ఎట్లు సాధ్యము? ఈ చిక్కు విడుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది.

ఈ తెగులును మన రైతులు మచ్చతెగులు అనియు, పక్షికన్ను తెగులు అనియు పిలుతురు. శాస్త్రగ్రంథములలో దీని పేరు ఆంత్రక్నోస్. 1853లో ఫాబ్ర్, ద్యునాల్ అను ఇద్దరు ద్రాక్షకు వచ్చిన ఒక తెగులునకు ఈ పేరు పెట్టిరి. గ్రీకుభాషలో ఆంత్రాక్స్ అనగా బొగ్గు, నోసోస్ అనగా రోగము. బొగ్గువలె నల్లని మచ్చలు పడుటచే ఆ పేరు తగినట్లే యున్నది. అయితే ఆ ద్రాక్షతెగులును కలిగించు శిలీంధ్రము వేరు. మామిడి, బొప్పాయి, అరటి మొదలగు పండ్లపై మచ్చలు కలిగించునవి ముఖ్యముగా కొల్లెటోట్రైకమ్ అను ప్రజాతికి చెందిన శిలీంధ్రములు. ఈ ప్రజాతిని 1831లో కోర్డా వర్ణించెను. 1882లో పెంజిగ్ నిమ్మజాతి మొక్కలపై ఒక శిలీంధ్రమును వర్ణించెను. 1884లో అతడును, సక్కార్డోయు దానిని ఈ ప్రజాతిలో చేర్చి, కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్ అని పేర్కొనిరి. చెరకునకు వచ్చు ఎర్రకుళ్ళు తెగులునకు కారణమైనదియు ఈ ప్రజాతిలోనిదే. 1901 నాటికే ఆ తెగులు గోదావరి ప్రాంతపు చెరకుతోటలను పాడుచేసినది.

ఇంత చిన్న శిలీంధ్రము గట్టి తోలు గల కాయలోనికి ఎట్లు చొరబడును? 1883లో జర్మనీలో ఫ్రాంక్ అను శాస్త్రజ్ఞుడు చిక్కుడు తెగులును పరిశీలించుచు దీనికి మొదటి ఆధారము కనుగొనెను. వానచినుకులతో చెదరి పడిన సిద్ధబీజము తడిలో మొలకెత్తును. దాని మొలక కొన ఉబ్బి, ఉపరితలమునకు గట్టిగా అంటుకొనును. ఈ ఉబ్బునకు అప్రెసోరియము అని పేరు. దీని అడుగునుండి సన్నని మేకువంటి పోగు బయలుదేరి అవభాసినిని పొడిచి లోనికి పోవును. 1999లో మొక్కజొన్న తెగులును కలిగించు కొల్లెటోట్రైకమ్ జాతిలో ఒక్క అప్రెసోరియము చూపు బలమును కొలువగా, అది సుమారు 17 మైక్రోన్యూటన్లని తేలినది. ఇది అత్యల్పమని తోచవచ్చును. కాని సూదిమొనకంటె ఎన్నోరెట్లు చిన్నదగు చోట ఆ బలమంతయు పడుచున్నదని మరువరాదు.

ఇక అసలు చిక్కునకు వత్తము. 1913లో అమెరికాలో షియర్, ఉడ్ అను ఇద్దరు పైకి ఆరోగ్యముగా కనబడు ఆకులనుండియు, కాయలనుండియు ఈ జాతుల శిలీంధ్రములను వేరుచేయగలిగిరి. 1941లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునకు చెందిన సిమ్మండ్స్ ఉష్ణమండలపు పండ్లలో ఇట్టి గుప్తసంక్రమణమును గూర్చి విపులముగా వ్రాసెను. సారాంశమేమనగా, తెగులు అంగడిలో పుట్టినది కాదు. కాయ లేతగా చెట్టుపై నున్నపుడే అది ప్రవేశించి, ఏ గుర్తును చూపక నిద్రించుచున్నది. కావున రైతు కంటికి కాయ మంచిదే, వర్తకుని చేతికి వచ్చిన పండు చెడ్డదే.

మరి అది అంతకాలము ఏల ఊరకుండును? 1982 ప్రాంతమున ప్రుస్కీయు, అతని సహచరులును అవకాడో పండుపై దీనికి ఒక సమాధానము చూపిరి. పచ్చికాయ తోలులో శిలీంధ్రమును పెరుగనీయని ఒక రసాయనద్రవ్యము కలదు. కాయ పండుకొలది అది తగ్గిపోవును. కావలి తొలగగానే శిలీంధ్రము మేల్కొనును. 1994లో ఫ్లైష్‌మన్, కొలత్తుకుడి అనువారు మరియొక వింత బయటపెట్టిరి. పండ్లను మాగించు ఇథిలీన్ వాయువు ఈ శిలీంధ్రపు సిద్ధబీజములను మొలకెత్తించి, అప్రెసోరియములను ఏర్పరచుటకును ప్రేరేపించును. అనగా పండు తనకై తాను వేయు పిలుపునే శత్రువు కూడ విని లేచుచున్నదన్నమాట.

ఈ శిలీంధ్రముల పేర్ల కథయు తెలిసికొనదగినది. ఏ మొక్కపై కనబడినచో ఆ మొక్క పేర ఒక క్రొత్తజాతిని కల్పించుట వలన వందలకొలది పేర్లు పోగుపడినవి. 1957లో వాన్ ఆర్క్స్ రూపలక్షణములనుబట్టి సుమారు 750 పేర్లను 11 జాతులకు కుదించెను. తరువాత డి.ఎన్.ఏ. పరిశీలన వచ్చినది. 2012లో, గ్లియోస్పోరియాయిడిస్ అని ఒక్కటిగా తలచినది నిజమునకు 22 జాతుల సముదాయమని తేలినది. ఇది పండితుల తర్కము మాత్రమే కాదు. 1965లో సిమ్మండ్స్ వేరుచేసి చూపిన అక్యుటాటమ్ అను జాతి, గ్లియోస్పోరియాయిడిస్‌ను అణచు బెనోమిల్ మందునకు అంతగా లొంగదు. పేరు తప్పినచో మందు తప్పును, మందు తప్పినచో పంట పోవును.

ఈ చరిత్రనుండి తోటరైతు గ్రహింపవలసినది స్పష్టము. మచ్చ కనబడిన పిదప మందుకొట్టుట దొంగ పోయిన తరువాత తలుపు వేయుట వంటిది. పూతదశలోను, లేతపిందె దశలోను కాపాడవలెను. సిద్ధబీజములకు నెలవగు ఎండుకొమ్మలను కత్తిరించి తీసివేయవలెను. కోసిన కాయలను వేడినీటిలో ముంచుట మరియొక ఉపాయము. 1962లో ప్యూర్టోరికోలో మామిడిపై దీనిని పరీక్షించి ప్రకటించిరి. నీరు 50 నుండి 55 సెంటిగ్రేడు డిగ్రీల మధ్య నుండవలెను. అంతకు మించినచో తోలు కమలును, తగ్గినచో శిలీంధ్రము చావదు.

వేసవిలో ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు కన్నులార చూపవచ్చును. మచ్చలేని కాయలను కొన్నింటిని తేమగల పెట్టెలో మాగవేసి, దినదినము పరిశీలింపజేయవలెను. ముదిరిన మచ్చలపై నారింజరంగు జిగురు బొట్లు కనబడినచో, వానిని సూక్ష్మదర్శినిలో చూడవలెను. అందులో వేలకొలది సిద్ధబీజములుండును. మచ్చ లేనంతమాత్రమున కాయలో తెగులు లేదని చెప్పరాదను సంగతి అప్పుడు పిల్లలకు బాగుగా మనసునకు పట్టును.