గాలిగోపురానికి గుండు కట్టి ఉంటే?

తైవాన్‌లోని తైపే 101 భవనంలో వేలాడే ఇనుప గుండు వీడియో మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు: "నువ్వు ఇంజనీరువి గదా, అట్లాంటిది మన గాలిగోపురంలో పెట్టుంటే అది పడేది కాదేమో?" ప్రశ్న మంచిదే. గుండు ఉన్నా గోపురం పడేదేనని నా జవాబు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గుండు చేసే పనేమిటో చూడాలి.

ఉయ్యాలను సరైన క్షణంలో వేలితో తోసినా చాలు, అంతకంతకూ పైకి పోతుంది. ఎత్తుగా, సన్నగా ఉండే భవనానికీ అట్లాంటి సొంత ఊపు ఒకటుంటుంది. తైపే భవనం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు 7 సెకన్లు పడుతుంది. గాలి సుడులు అదే లయలో తోస్తే ఊపు పెరుగుతుంది. భవనం విరిగిపోదు గానీ పైఅంతస్తుల్లో వాళ్లకు కడుపులో తిప్పుతుంది. అందుకని అదే లయలో ఊగే మరో బరువును లోపల వేలాడదీస్తారు. భవనం ఒకవైపు పోతుంటే అది వెనకబడి రెండోవైపు లాగుతుంది. కింద బిగించిన నూనె డ్యాంపర్లు ఆ ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తాయి. తైపే గుండు బరువు 660 టన్నులు, అడ్డుకొలత 5.5 మీటర్లు. 2015 ఆగస్టు తుపానులో అది మీటరు దాకా ఊగింది.

ఈ ఆలోచన ఆకాశహర్మ్యాల కంటే పాతది. హెర్మన్ ఫ్రామ్ అనే జర్మన్ ఇంజనీరు 1909లోనే దీనికి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆయన బాధ ఓడలతో, యంత్రాలతో. 1920లలో అమెరికాలో స్టాక్‌బ్రిడ్జ్ అనే ఆయన గాలికి వణికి తెగిపోయే కరెంటు తీగల కోసం ఒక చిన్న బరువు తయారుచేశాడు. ఈసారి హైటెన్షన్ లైను కనబడితే, టవరు పక్కన తీగకు డంబెల్లాంటివి వేలాడుతుంటాయి, చూడండి. అవే! 1977లో న్యూయార్కులోని సిటీకార్ప్ భవనం పైన 400 టన్నుల కాంక్రీటు దిమ్మను నూనె పొరమీద జారేలా పెట్టారు. పెద్ద భవనాల్లో ఈ పద్ధతి అప్పటినుంచే పేరుకెక్కింది.

ఇక మన గోపురం. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. రాతి పీఠం మీద ఇటుక, సున్నం. తైపే భవనంలా వంగి ఊగే ఉక్కు శరీరం కాదు దానిది. అంత దిట్టమైన కట్టడం సొంత ఊపు సెకను లోపే ఉంటుంది. గాలి సుడుల లయ అంత వేగంగా ఉండదు గనుక గాలి దాన్ని ఊపలేదు. దాని బరువే దానికి బలం: పై ఇటుక కింది ఇటుకను నొక్కి పట్టుకుంటుంది. ఇటుక, సున్నం నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటాయి, లాగుడును మాత్రం ఓర్చుకోలేవు. ఏళ్ల తరబడి బరువుకు గోడలు పక్కలకు జరగజూస్తే, పునాది ఒకవైపు ఏ కొంచెం కుంగినా, నిలువునా బీట పడుతుంది. వాననీళ్లు అందులోకి దిగి సున్నాన్ని కడిగేస్తాయి. బీట పైనుంచి కిందిదాకా పారిందంటే ఒక గోపురం రెండు సన్నటి గోపురాలైనట్టు. అప్పుడు పైన మరో గుండు వేలాడదీయడమంటే కుంగేవాడి నెత్తిన మూట పెట్టడమే.

మన గోపురం బీటలు ముందే కనబడ్డాయి. 2010 మే నెలలో లైలా తుపాను వచ్చిన వారానికే, 26వ తేదీ రాత్రి, గోపురం నిలువునా చీలి కూలింది. చుట్టుపక్కల ఇళ్లూ దుకాణాలూ అప్పటికే ఖాళీ చేయించారు గనుక మనుషుల ప్రాణాలు దక్కాయి. నా మటుకు ఆ రోజు జరిగిన గొప్ప ఇంజనీరింగ్ పని అదే. కొత్త రాజగోపురానికి 2017 ఫిబ్రవరిలో కుంభాభిషేకం జరిగింది.

పాత కట్టడానికి పనికొచ్చే పరికరం చాలా చవకది. బీటకు అడ్డంగా చిన్న గాజుపలకను సిమెంటుతో అతికించి తేదీ రాస్తారు. అది పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. మన బడి పాత బ్లాకు వరండాలో, కుళాయిల వైపు గోడకు ఒక బీట ఉంది. స్వర్ణోత్సవానికి వచ్చినప్పుడు దానికి రెండు పలకలు అతికించి పోదామనుకుంటున్నాను. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, వాటిని చూసి రాసిపెట్టే పని ఊళ్లో ఉన్నవాళ్లెవరైనా తీసుకోవాలి.